రాడికల్ హ్యూమనిస్టులు: తమ పార్టీని తామే రద్దు చేసుకున్నవారు ఆ తరువాత ఏమయ్యారు?

తెనాలి పాఠకుడు:

1948 డిసెంబరులో కలకత్తాలో జరిగిన మహాసభలో ఎం.ఎన్. రాయ్ నాయకత్వంలోని రాడికల్ డెమొక్రటిక్ పార్టీ తనను తాను రద్దు చేసుకుంది. అప్పటికి దాన్ని ఎవరూ నిషేధించలేదు, మరే పార్టీలోనూ అది విలీనం కాలేదు. అధికారం కోసం పోటీపడే పార్టీలు ఉన్నంతకాలం అధికారం ప్రజల చేతికి రాదని రాయ్, ఆయన సహచరులు రెండేళ్లుగా చెబుతూ వచ్చిన మాటను చివరికి తమ పార్టీకే వర్తింపజేసుకున్నారు.

రాడికల్ హ్యూమనిజం అనే ఆ సిద్ధాంతం 1946 డిసెంబరులో బొంబాయి మహాసభ ముందుకు 22 సూత్రాల రూపంలో వచ్చింది. మరుసటి ఏడాది ప్రణాళికా పత్రంగా విస్తరించింది. దాని సారాన్ని నాకు అర్థమైనంతలో చెబుతాను. సమాజానికి మూలం వ్యక్తి. జాతి, వర్గం, మతం వంటి సమూహాల పేరిట ఆ వ్యక్తిని బలిపెట్టే ఏ వ్యవస్థా స్వేచ్ఛను ఇవ్వలేదు. స్వేచ్ఛాకాంక్ష, సత్యాన్వేషణ అనే రెండూ మానవ ప్రగతికి చోదకశక్తులు. చరిత్రను ఆర్థిక కారణాలు మాత్రమే నడపవు; భావాలకు తమదైన గమనం ఉంటుంది. పార్లమెంటరీ ప్రజాస్వామ్యంలో పౌరుడు అయిదేళ్లకోసారి తన అధికారాన్ని మరొకరికి ధారాదత్తం చేసి ఒంటరిగా, నిస్సహాయంగా మిగిలిపోతాడు కనుక, ఊరూరా ఏర్పడే ప్రజా కమిటీల మీద రాజ్యాన్ని కింది నుంచి పైకి కట్టుకురావాలి.

ఈ ఆలోచనతో ముడిపడిన వ్యక్తుల గురించి, బృందాల గురించి మన భాషలో వివరాలు చెల్లాచెదురుగా ఉన్నాయి. ఒకరిని హేతువాదిగా, మరొకరిని నవలాకారుడిగా, ఇంకొకరిని న్యాయమూర్తిగా గుర్తుపెట్టుకున్నాం తప్ప వీరంతా ఒకే చర్చలో పాలుపంచుకున్నవారని మరిచిపోయాం. తెలిసినవారు తెలిసినంత చెప్పాలని కోరుతున్నాను. దానితోపాటు నా ప్రశ్న కూడా ఒకటుంది. పార్టీని రద్దు చేసుకోవడం సరైన పనేనా? సిద్ధాంతం ప్రకారం సరైనదేనని నేను అనుకుంటున్నాను. ఆచరణలో దానికి ఎంత మూల్యం చెల్లించారో మాత్రం పరిశీలించవలసి ఉంది.

విశాఖ గ్రంథాలయం:

ఈ సిద్ధాంతానికి 1946 కంటే ముందరి చరిత్ర చాలా ఉంది. అది తెలియకపోతే రద్దు నిర్ణయం కేవలం ఆదర్శవాదంగా కనిపిస్తుంది.

రాయ్ అసలు పేరు నరేంద్రనాథ్ భట్టాచార్య. 1887లో బెంగాల్‌లో పుట్టి, విప్లవ బృందాల్లో పెరిగి, 1915లో జర్మన్ ఆయుధాల కోసం దేశం దాటారు. 1916లో అమెరికా చేరాక మానవేంద్రనాథ్ రాయ్ అయ్యారు. మెక్సికోలో కమ్యూనిస్టు పార్టీ స్థాపకుల్లో ఒకరు. 1920లో, ప్రపంచ కమ్యూనిస్టు పార్టీల ఉమ్మడి సంస్థ అయిన కమ్యూనిస్టు ఇంటర్నేషనల్ రెండవ మహాసభలో వలస దేశాల ప్రశ్నపై లెనిన్ సిద్ధాంతపత్రంతోపాటు ఈయన అనుబంధ పత్రాన్ని కూడా ఆమోదించారు. అదే ఏడాది తాష్కెంట్‌లో భారత కమ్యూనిస్టు పార్టీ ఏర్పాటుకు పూనుకున్నారు. 1927లో ఇంటర్నేషనల్ ప్రతినిధిగా చైనా వెళ్లి, అక్కడ విప్లవం కుప్పకూలడాన్ని దగ్గరుండి చూశారు.

ఆ తరువాతి మలుపును మనవాళ్లు చాలామంది ఒక్క వాక్యంలో దాటేస్తారు. 1929లో ఆయనను ఇంటర్నేషనల్ నుంచి బహిష్కరించారు. మోపిన ప్రధాన నేరం ఏమిటంటే, జర్మనీలో బ్రాండ్లర్, తాల్‌హైమర్‌ల నాయకత్వంలో పనిచేస్తున్న, ఇంటర్నేషనల్ విధానాన్ని వ్యతిరేకించే ప్రతిపక్ష కమ్యూనిస్టుల పత్రికకు వ్యాసాలు రాయడం. ఈ ప్రతిపక్ష బృందాలు అప్పట్లో కొన్ని దేశాల్లో ఉండేవి. అమెరికాలో లవ్‌స్టన్ నాయకత్వాన ఒక బృందం నడిచింది. రాయ్‌ని తరువాత వివాహమాడిన ఎలెన్ గాట్‌షాక్ కూడా ఆ వర్గంలోనే పనిచేశారు. పదేళ్లు ఒక పార్టీకి జీవితాన్ని అంకితం చేసిన మనిషిని, వ్యాసాలు రాశాడన్న కారణంతో ఆ పార్టీ బయటికి నెట్టింది. పార్టీలో సభ్యుడి వివేకానికి, అంతరాత్మకు చోటు ఉంటుందా అన్న ప్రశ్న రాయ్‌లో మొలకెత్తింది అక్కడేనని నా నమ్మకం.

1930 చివర్లో ఆయన రహస్యంగా దేశానికి తిరిగివచ్చారు. 1931 జులైలో బొంబాయిలో పట్టుబడి 1936 నవంబరు వరకు జైల్లో ఉన్నారు. ఆధునిక విజ్ఞానశాస్త్రం తత్త్వశాస్త్రాన్ని ఎలా మార్చింది అన్న విషయంపై తొమ్మిది సంపుటాలకు సరిపడేంత రాశారు. చరిత్రకు ముందే నిర్ణయమైన గమ్యం ఉందన్న నమ్మకం సడలినప్పుడు, ఆ గమ్యం వైపు జనాన్ని నడిపించే అగ్రగామి పార్టీ అవసరం కూడా సడలుతుంది. జైలు రాతల నుంచి 22 సూత్రాల దాకా సాగిన దారి ఇదే.

ఓరుగల్లు వకీలు:

గ్రంథాలయం గారు చెప్పిన చరిత్రతో నాకు పేచీ లేదు. అయితే 1936కీ 1946కీ మధ్య పదేళ్లను వదిలేసి నేరుగా సూత్రాల్లోకి వెళ్లడం న్యాయం కాదు.

రాయ్ విడుదల కాగానే కాంగ్రెస్‌లో చేరారు. 1940లో అధ్యక్ష పదవికి పోటీచేసి మౌలానా ఆజాద్ చేతిలో చిత్తుగా ఓడిపోయారు. యుద్ధం ఫాసిజానికి వ్యతిరేకంగా జరుగుతున్నది కనుక బ్రిటన్‌కు మద్దతివ్వాలని పట్టుబట్టి కాంగ్రెస్‌తో తెగతెంపులు చేసుకున్నారు. 1940 డిసెంబరులో రాడికల్ డెమొక్రటిక్ పార్టీ పుట్టింది. 1941లో ఇండియన్ ఫెడరేషన్ ఆఫ్ లేబర్ ఏర్పడింది. ఆ కార్మిక సమాఖ్యకు యుద్ధ ప్రచారం కోసం వలస ప్రభుత్వం నెలకు 13,000 రూపాయలు ఇచ్చిందన్న సంగతి కేంద్ర శాసనసభలో బయటపడింది. 1942లో దేశమంతా జైళ్లు నిండుతున్నప్పుడు వీరు సైన్యంలో చేరండని, ఫ్యాక్టరీల్లో ఉత్పత్తి పెంచండని చెప్పారు. 1946 ఎన్నికల్లో ఆ పార్టీ అభ్యర్థులను జనం తుడిచిపెట్టేశారు. ఓటమి కళ్ల ముందే ఉండగా ఆ డిసెంబరులోనే పార్టీ రాజకీయాలు పనికిరావన్న తత్త్వం వెలువడింది.

ఇక్కడ నేను ఎవరి నిజాయితీనీ శంకించడం లేదు. గెలిచి ఉంటే పార్టీని రద్దు చేసేవారా అని అడుగుతున్నాను. ఈ ప్రశ్నకు జవాబు దొరకకుండా, రద్దును త్యాగంగా కీర్తించడానికి నా మనసు ఒప్పుకోదు.

తెనాలి పాఠకుడు:

వకీలు గారి ప్రశ్న సరైనదే. దానికి జవాబు తేదీలలోనే కొంత ఉంది.

ఎన్నికలకు రెండేళ్ల ముందు, 1944లోనే, ఆ పార్టీ రెండు పత్రాలు వెలువరించింది. ఒకటి ప్రజా ప్రణాళిక, బి.ఎన్. బెనర్జీ, జి.డి. పారిఖ్, వి.ఎం. తార్కుండే కలిసి తయారుచేశారు. అదే ఏడాది బొంబాయి పారిశ్రామికవేత్తలు పదిహేనేళ్లకు 10,000 కోట్ల రూపాయల ప్రణాళికను ప్రకటిస్తే, వీరు పదేళ్లకు 15,000 కోట్లతో, వ్యవసాయానికీ నిత్యావసరాల ఉత్పత్తికీ పెద్దపీట వేస్తూ ప్రత్యామ్నాయం చూపించారు. రెండవది స్వతంత్ర భారత రాజ్యాంగ ముసాయిదా. అందులో సార్వభౌమాధికారానికి పునాదిగా గ్రామాల్లో, పట్టణాల్లో ఎన్నికయ్యే ప్రజా కమిటీలు ఉన్నాయి. ప్రతినిధిని వెనక్కి పిలిచే హక్కు ఉంది, ప్రజాభిప్రాయ సేకరణ ఉంది, భాషను బట్టి రాష్ట్రాల ఏర్పాటు ఉంది. కనుక కింది నుంచి నిర్మాణం అన్న ఆలోచన ఓటమి తరువాత పుట్టినది కాదు. పార్టీ అక్కర్లేదన్న తీర్మానం మాత్రం నిస్సందేహంగా ఓటమి తరువాతే వచ్చింది.

ఇంకొక ఆధారం 22 సూత్రాల పాఠంలోనే ఉంది. 1946లో ఆమోదించిన సూత్రాలలో 19, 20 సంఖ్య గల రెండింటిని 1948 రద్దు నిర్ణయానికి తగినట్లు సవరించారు. సవరించిన 19వ సూత్రం ప్రకారం, స్వేచ్ఛాయుత ప్రపంచాన్ని నిర్మించాలన్న సంకల్పంతో కలిసిన వ్యక్తులు ప్రజలకు కాబోయే పాలకులుగా కాక, మార్గదర్శకులుగా, మిత్రులుగా, తత్త్వబోధకులుగా పనిచేస్తారు. 20వ సూత్రం పౌరుల విద్యను మొత్తం పునర్నిర్మాణానికి షరతుగా పెట్టి, ప్రజా కమిటీలే రాజకీయ, పౌర విద్యకు పాఠశాలలు కావాలంటుంది. మిగిలిన సూత్రాల జోలికి పోకుండా ఈ రెండింటినే మార్చవలసి వచ్చిందంటే, 1946 నాటికి సిద్ధాంతంలో పార్టీకి ఇంకా చోటు ఉందనీ, ఆ రెండేళ్ల చర్చలో వారే ఆ చోటును చెరిపేశారనీ అర్థం. గెలిచి ఉంటే రద్దు చేసేవారా అంటే, బహుశా చేసేవారు కాదు. అయినప్పటికీ ఓడిన పార్టీలన్నీ తమను తాము రద్దు చేసుకోవు కదా. ఓటమి వారికి ప్రశ్నించుకునే సందర్భాన్ని ఇచ్చింది; జవాబు మాత్రం వారి ఆలోచనలోంచే వచ్చింది.

చీరాల దారి:

ఆంధ్రలో ఈ ఆలోచన నాటుకున్న తీరు గురించి చెబుతాను. ఇక్కడ నేల ముందే దున్ని ఉంది. దున్నినవారు కవిరాజు త్రిపురనేని రామస్వామి చౌదరి. రాయ్ పుట్టిన ఏడాదే, 1887లో, పుట్టారు. తెనాలి పురపాలక సంఘ అధ్యక్షుడిగా గంగానమ్మ కొలుపుల్లో జంతుబలిని నిషేధించారు, తెనాలిలో సూతాశ్రమం కట్టారు, సంస్కృత మంత్రాలకు బదులు వధూవరులకు అర్థమయ్యే తెలుగులో పెళ్లి తంతును రాశారు. ఆయన 1943లో కన్నుమూశారు. ఆయన వద్ద ప్రశ్నించడం నేర్చుకున్న తరం రాయ్ రచనల్లో తమ ప్రశ్నలకు రాజకీయ రూపం చూసుకుంది.

ఆ తరంలో మొదట చెప్పుకోవలసినవారు అబ్బూరి రామకృష్ణారావు గారు. కవి, నాటక ప్రయోక్త, ఆంధ్ర విశ్వకళాపరిషత్తు గ్రంథాలయాధికారి. రాయ్ భావాలను తెలుగు రచయితలకు తొలిగా పరిచయం చేసినవారిలో ఒకరు. రామస్వామి గారి కుమారుడు గోపీచంద్ ఆంధ్ర రాడికల్ డెమొక్రటిక్ పార్టీకి కార్యదర్శిగా పనిచేశారు. ‘ఎందుకు’ అని అడగడం నేర్పినందుకు తన ‘అసమర్థుని జీవయాత్ర’ను తండ్రికే అంకితమిచ్చారు. ఆ నవలలో సీతారామారావు పతనాన్ని చదువుతున్నప్పుడు, కుటుంబ ప్రతిష్ఠ అనే సమూహ భావం ఒక మనిషిని లోపలి నుంచి ఎలా తినేస్తుందో కనిపిస్తుంది. వ్యక్తి గురించి రాయ్ సూత్రాలు చెప్పిన విషయానికి అది కథారూపమని నేను అనను. ఆ చర్చల వేడిలో ఉన్న మనిషి మాత్రమే రాయగలిగిన నవల అంటాను. తరువాతి కాలంలో గోపీచంద్ అరవిందుల తత్త్వం వైపు మళ్లారు. రాయ్ అనుచరులైన రాయిస్టులకు అది నచ్చలేదు. కానీ తన దారిని తాను వెతుక్కునే హక్కు వ్యక్తికి ఉందని బోధించిన ఉద్యమం, దాన్ని తప్పుపట్టడం నాకు సబబుగా తోచదు.

తెనాలి న్యాయవాది ఆవుల గోపాలకృష్ణమూర్తి గారు ఉపన్యాసాలతో, పత్రికలతో, అధ్యయన శిబిరాలతో రెండు దశాబ్దాలు ఈ భావాలను కోస్తా జిల్లాల్లో తిప్పారు. ఆయన జరిపించిన పెళ్లిళ్ల తీరు మా ప్రాంతంలో ఇప్పటికీ కనిపిస్తుంది. పురోహితుడు ఉండడు, ముహూర్తం ఉండదు. వేదిక మీద వధూవరులిద్దరూ తమ ఇష్టంతో జీవిత భాగస్వాములవుతున్నామని తెలుగులో తామే ప్రమాణం చదువుతారు, దండలు మార్చుకుంటారు, పెద్దలు సాక్షి సంతకాలు చేస్తారు. ఒక పెద్దమనిషి అరగంట మాట్లాడి, ఈ ఒప్పందంలో ఇద్దరికీ ఉన్న హక్కులేమిటో విడమరచి చెబుతారు. మావైపు దీన్ని దండల పెళ్లి అంటారు. రాయ్ పేరు ఎన్నడూ వినని ఇళ్లలోనూ ఇది జరుగుతోంది. పార్టీ ఉండి ఉంటే దాని జెండా ఆ వేదిక మీదికి ఎక్కేది, ఎదుటి పార్టీవాళ్ల ఇంట్లో ఇటువంటి పెళ్లి జరిగేది కాదు.

చివరిగా రావిపూడి వెంకటాద్రి గారు. 1922లో పుట్టి 2023 జనవరిలో, నూరేళ్లు నిండిన తరువాత, కన్నుమూశారు. 1943లో నాగండ్లలో కవిరాజాశ్రమం స్థాపించారు, 1982 నుంచి ‘హేతువాది’ మాసపత్రికను నడిపారు. అంతకంటే ఈ చర్చకు ముఖ్యమైన సంగతి, దశాబ్దాలపాటు తన ఊరి పంచాయతీకి అధ్యక్షుడిగా ఉండటం. సిద్ధాంతాన్ని పుస్తకంలో చదివి, దాన్ని ఊరి మురుగుకాలువల దగ్గర, బడి దగ్గర పరీక్షించుకున్న రాయిస్టు అంటే నాకు ఆయనే గుర్తుకొస్తారు.

మంజీర:

ఇప్పటిదాకా వచ్చిన పేర్లన్నీ శ్రద్ధగా చదివాను. రెండు లోపాలను ఎత్తిచూపాలి.

మొదటిది. ఈ పేర్లన్నీ గుంటూరు, ప్రకాశం జిల్లాల చుట్టూ, కాలువల కింద వ్యవసాయం ఉండి చదువు ముందుగా అందిన కుటుంబాల చుట్టూ తిరుగుతున్నాయి. సరిగ్గా ఇదే కాలంలో, 1946 నుంచి 1951 దాకా, నిజాం రాజ్యంలో భూమి కోసం, వెట్టి నుంచి విముక్తి కోసం రైతులు, కూలీలు ఆయుధాలు పట్టారు. గ్రామ కమిటీలు ఏర్పరచుకుని భూములు పంచారు. ఊరి ప్రజల కమిటీ చేతికి అధికారం రావడం గురించి రాయిస్టులు సూత్రాలు రాస్తున్నప్పుడు, నల్లగొండలో, వరంగల్లులో అది మరొక జెండా కింద రక్తసిక్తంగా జరిగింది. ఆ పోరాటంలో రాయిస్టులకు చెప్పుకోదగ్గ పాత్ర లేదు. కమ్యూనిస్టు పార్టీ పద్ధతులపై వారి విమర్శ ఎంత సరైనదైనా, వెట్టిచాకిరీ చేసే మనిషికి అధ్యయన శిబిరం ఏ భాషలో అందుతుందో వారు ఆలోచించలేదని అనుకుంటున్నాను. కులం విషయంలోనూ అంతే. వ్యక్తే మూలం అన్నప్పుడు, పుట్టుకతోనే వ్యక్తిగా గుర్తింపు దక్కనివారి సంగతి ముందుగా తేలాలి.

రెండవది స్త్రీలు. గ్రంథాలయం గారు మెక్సికో వరకు కథ చెప్పి రాయ్ మొదటి భార్య ఎవెలిన్ ట్రెంట్ పేరు తలవలేదు. రాయ్‌ని మార్క్సిజం వైపు నడిపించడంలో ఆమెకు పాత్ర ఉంది, మెక్సికోలో, మాస్కోలో, ఐరోపాలో ఆయన పక్కన నిలిచి రాసింది, పనిచేసింది. రాయ్ తన జ్ఞాపకాల్లో ఆమె ప్రస్తావనే తేలేదు. మనిషిని కేంద్రంగా పెట్టిన తత్త్వవేత్త చేసిన ఈ పనిని నేను తేలిగ్గా తీసుకోలేను. 1954 జనవరి 25న రాయ్ మరణించాక డెహ్రాడూన్‌లోని ఇండియన్ రినైసాన్స్ ఇన్‌స్టిట్యూట్‌ను, ‘రాడికల్ హ్యూమనిస్ట్’ పత్రికను నిలబెట్టినది ఎలెన్ రాయ్. 1960 డిసెంబరులో ఆమె హత్యకు గురయ్యారు. బొంబాయిలో కార్మిక సంఘాలు కట్టిన మణిబెన్ కారా, మన రాష్ట్రంలో భర్త ఎం.వి. రామమూర్తి గారితోపాటు ఈ ఉద్యమంలోకి వచ్చి, స్త్రీల హక్కుల కోసం, సారాకు వ్యతిరేకంగా జీవితాంతం పనిచేసిన మల్లాది సుబ్బమ్మ గారు లేకుండా ఈ జాబితా పూర్తికాదు.

తెనాలి పాఠకుడు:

మంజీర గారు చేర్చిన పేర్లు ఈ చర్చకు అవసరమైనవి. మల్లాది సుబ్బమ్మ గారి రచనలు చదివినవారు ఉంటే, ఆమె సంఘాలు నడిపిన తీరు గురించి విడిగా రాయాలని కోరుతున్నాను.

ఓరుగల్లు వకీలు:

తెలంగాణతో ఈ బృందానికి సంబంధం లేదన్న మాటకు ఒక ముఖ్యమైన అనుబంధం ఉంది. అది 1977కు చెందినది.

ప్రజా ప్రణాళిక రచయితల్లో ఒకరైన తార్కుండే బొంబాయి హైకోర్టు న్యాయమూర్తిగా పనిచేసి, 1969లో పదవి వదిలి ఢిల్లీలో న్యాయవాద వృత్తి చేపట్టారు. జయప్రకాశ్ నారాయణ్‌తో కలిసి 1974లో సిటిజన్స్ ఫర్ డెమొక్రసీని, అత్యవసర పరిస్థితి కొనసాగుతుండగానే 1976లో పౌరహక్కుల ప్రజా సంఘాన్ని నిర్మించారు. అత్యవసర పరిస్థితి ముగిశాక ఆంధ్రప్రదేశ్‌లో నక్సలైట్ల పేరిట జరిగిన ఎన్‌కౌంటర్లపై నిజనిర్ధారణకు జయప్రకాశ్ ఏర్పాటుచేసిన కమిటీకి ఆయనే అధ్యక్షుడు. మన పౌరహక్కుల న్యాయవాది కన్నబిరాన్ గారు అందులో కీలకంగా పనిచేశారు. మెదక్ జిల్లా గిరాయిపల్లి అడవిలో 1975 జులైలో నలుగురు యువకులు ఎదురుకాల్పుల్లో చనిపోయారని పోలీసులు చెప్పిన కథనాన్ని ఆ కమిటీ ఊళ్లకు వెళ్లి, సాక్షులను విచారించి పరీక్షించింది. వారిని ముందే పట్టుకుని, అడవిలో చెట్లకు కట్టి కాల్చిచంపారని నివేదించింది. ఆ నివేదికల ఒత్తిడితోనే రాష్ట్ర ప్రభుత్వం జస్టిస్ భార్గవ కమిషన్‌ను నియమించక తప్పలేదు. విచారణ బహిరంగంగా జరగరాదన్న ప్రభుత్వ పట్టుదలతో అది మధ్యలోనే ఆగిపోయింది.

తార్కుండే సాయుధ పోరాటాన్ని, అగ్రగామి పార్టీ సిద్ధాంతాన్ని జీవితమంతా వ్యతిరేకించినవారు. చనిపోయిన యువకులు ఆ రెండింటినీ నమ్మినవారు. వారి ప్రాణానికి చట్టం ఇచ్చే రక్షణ వారి నమ్మకాన్ని బట్టి మారదని నిలబడటానికి, వ్యక్తే మూలం అన్న సూత్రాన్ని మనస్ఫూర్తిగా నమ్మి ఉండాలి. ఏదైనా పార్టీలో ఉండి ఉంటే, ప్రత్యర్థుల పక్షాన అడవిలోకి వెళ్లి సాక్ష్యాలు సేకరించే స్వేచ్ఛ ఆయనకు ఉండేది కాదు. యుద్ధకాలపు వైఖరిపై నా విమర్శ అలాగే ఉంది. దాని పక్కన ఈ సంగతినీ పెట్టి చూడాలి.

గోదావరి పంచాయతీ:

నేను పంచాయతీరాజ్ శాఖలో పనిచేసి పదవీ విరమణ చేశాను. పార్టీ లేని ప్రజాస్వామ్యం అన్నమాట మా ఉద్యోగంలో ప్రతి ఎన్నికలోనూ కాగితం మీద కనబడేది. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ సర్పంచి, వార్డు సభ్యుల ఎన్నికలు చట్టం ప్రకారం పార్టీ రహితమైనవి. మండల, జిల్లా పరిషత్తులకు పార్టీ గుర్తులుంటాయి; పంచాయతీకి వచ్చేసరికి ఉంగరం, కత్తెర, బ్యాటు వంటి గుర్తులను ఎన్నికల సంఘం ఇస్తుంది. రాయ్ కోరినదానికి బయటి రూపం ఇదే కదా అనిపిస్తుంది.

లోపలి సంగతి వేరు. ఉంగరం ఏ పార్టీదో, కత్తెర ఏ పార్టీదో నామినేషన్ల రోజుకే ఊరంతటికీ తెలుసు. ఫలితాలు వచ్చిన సాయంత్రం పార్టీ కార్యాలయాలు ‘మావి ఇన్ని, వారివి ఇన్ని’ అని లెక్కలు ప్రకటిస్తాయి. ఏకగ్రీవమైన పంచాయతీకి ప్రభుత్వం ప్రోత్సాహక నిధులు ఇస్తుంది. ఆ ఏకగ్రీవం కోసం కొన్నిచోట్ల రచ్చబండ దగ్గర పదవిని వేలం వేసి, పాటలో గెలిచినవారికే పోటీ లేకుండా చేస్తారు. గుర్తు తీసివేసినంత మాత్రాన పార్టీ పోదనీ, పోటీ తీసివేసినంత మాత్రాన ప్రజల అధికారం రాదనీ నాకు అనుభవంలో తెలిసిన విషయం.

అసలు పరీక్ష గ్రామసభలో ఉంది. చాటింపు వేయించి, పంచాయతీ కార్యాలయం ముందు షామియానా వేస్తాం. లబ్ధిదారుల జాబితా చదివేవరకు జనం ఉంటారు. పేరు వచ్చినవారు, రానివారు మాట్లాడుకుంటూ లేచిపోతారు. ఆ తరువాత బడ్జెట్ పద్దు చదివే సమయానికి సభ్యులు, సిబ్బంది, ఒకరిద్దరు పెద్దలు మిగులుతారు. హాజరు పుస్తకంలో సంతకాలు మాత్రం నిండుగా ఉంటాయి. వీధి దీపాలకు ఎంత ఖర్చయింది, నీటి తీరువా ఎంత బకాయి ఉంది అని అడిగే మనిషి ఒక్కరుంటే ఆ సభ నడిచే తీరే వేరు. అటువంటివారు ఉన్న ఊళ్లనూ చూశాను. అక్కడ సర్పంచి ముందురోజు రాత్రే రికార్డులు సరిచూసుకుని వచ్చేవారు. పౌరుల విద్యే షరతు అన్న ఆ 20వ సూత్రాన్ని నేను ఈ చర్చలోనే మొదటిసారి చదివాను. చదవగానే ఆ ఊళ్లే గుర్తుకువచ్చాయి.

మరొక సంగతి కూడా గమనించాలి. 1950లో అమల్లోకి వచ్చిన మన రాజ్యాంగంలో రాజకీయ పార్టీల ప్రస్తావన లేదు. 1985లో 52వ సవరణ ద్వారా, పదవ షెడ్యూలు రూపంలో, పార్టీ రాజ్యాంగంలోకి ప్రవేశించింది. ఫిరాయింపులను ఆపడం కోసం తెచ్చిన ఆ నిబంధన, విప్‌ను ధిక్కరించిన శాసనసభ్యుడి పదవిని తీసివేసే వీలు కల్పించింది. ఓటరుకు తన ప్రతినిధిని వెనక్కి పిలిచే హక్కు ఇవ్వలేదు కానీ, పార్టీకి దాదాపు ఆ హక్కును ఇచ్చాం. 1944 ముసాయిదా రాసినవారు కోరుకున్నదానికి ఇది పూర్తిగా ఎదురు దిశ.

పటమట:

పార్టీ రహిత ప్రజాస్వామ్యం అన్నప్పుడు రాయ్ ఒక్కరినే చెప్పుకోవడం సరికాదు. 1940లో ముదునూరులో నాస్తిక కేంద్రం స్థాపించి 1947లో విజయవాడకు తరలించిన గోరా గారు అదే నినాదంతో ఊళ్లు తిరిగారు, 1961-62లో సేవాగ్రామ్ నుంచి ఢిల్లీకి పాదయాత్ర చేశారు. జయప్రకాశ్ 1959లో దేశ రాజకీయ వ్యవస్థ పునర్నిర్మాణంపై రాసిన పత్రంలో గ్రామ సముదాయాల మీద నిర్మితమయ్యే ప్రజాస్వామ్యాన్ని ప్రతిపాదించారు. ముగ్గురి గమ్యం ఒకేలా కనిపించినా దారులు వేరు. గోరా గారు గాంధీజీ సాన్నిహిత్యంలో మెలిగిన నాస్తికుడు. మంత్రులు భవంతులు వదిలి సామాన్యుల్లా బతకాలని సత్యాగ్రహం చేసేవారు. ఆయనకు పార్టీ లేకపోవడమంటే నాయకుడి నడవడి మారడం. జయప్రకాశ్‌కు గ్రామం అనే సముదాయం పవిత్రమైనది. రాయ్‌కు గ్రామం పవిత్రం కాదు, సముదాయం పవిత్రం కాదు. అందులోని మనిషి ఆలోచించగలగడమే ఆయనకు ముఖ్యం. కులపెద్దల గుప్పిట్లో ఉన్న గ్రామాన్ని ఆదర్శంగా తీసుకోకపోవడం వల్ల, మంజీర గారు అడిగిన కులం ప్రశ్నకు జవాబు వెతకడానికి ఈ ముగ్గురిలో రాయ్ మార్గంలోనే ఎక్కువ వీలుంది. ఆయన అనుచరులు ఆ వీలును ఎంతవరకు వాడుకున్నారన్నది వేరే విషయం.

మంజీర:

వాడుకోలేదనే నేను అంటున్నాను. అయితే వకీలు గారు చెప్పిన 1977 కమిటీని బట్టి ఒక ప్రశ్న వస్తోంది. ఊరికి వెళ్లి, అందరినీ అడిగి, ప్రభుత్వ కథనాన్ని ప్రజల ముందు సరిచూసే నిజనిర్ధారణ బృందాలను రాయ్ చెప్పిన ప్రజా కమిటీలకు వారసులుగా చూడవచ్చా? పార్టీ రద్దయ్యాక ఈ సిద్ధాంతం తీసుకున్న నిజమైన సంఘరూపం అదేనేమో.

తెనాలి పాఠకుడు:

చూడలేమని నా అభిప్రాయం. నిజనిర్ధారణ బృందం బయటి నుంచి వస్తుంది, నివేదిక ఇచ్చి వెళుతుంది. రాయ్ కోరిన కమిటీ ఆ ఊరిది. దానికి నిర్ణయించే అధికారం, ప్రతినిధిని దించే అధికారం ఉండాలి. మొదటిది ప్రభుత్వాన్ని జవాబు అడుగుతుంది, రెండవది తానే ప్రభుత్వంలో భాగం అవుతుంది. తార్కుండే గారి పని మీద ఎంత గౌరవం ఉన్నా ఈ తేడాను చెరిపేయకూడదు.

నేను మొదట అడిగిన ప్రశ్నకు ఇక్కడే జవాబు కనిపిస్తోంది. 20వ సూత్రం రెండింటిని కలిపి చెప్పింది: కమిటీలు ఉండాలి, అవే పాఠశాలలు కావాలి. 1948 తరువాత వీరు పాఠశాలలను నిలబెట్టుకున్నారు. డెహ్రాడూన్ శిబిరాలు, తెనాలి శిబిరాలు, పత్రికలు, అనువాదాలు అన్నీ ఆ కోవలోవే. కమిటీలను కట్టే పనిని మాత్రం వదిలేశారు. రాయ్‌కు తీరిక దొరకలేదు; 1952లో ముస్సోరీలో ప్రమాదం జరిగినప్పటి నుంచి ఆయన ఆరోగ్యం కోలుకోలేదు, ఆ ఏడాది ఆమ్‌స్టర్‌డామ్‌లో అంతర్జాతీయ మానవవాద సంఘం ఏర్పడి తనను ఉపాధ్యక్షుడిగా ఎన్నుకున్నప్పుడు అక్కడికి వెళ్లలేకపోయారు. మిగిలినవారిలో నాగండ్లలో వెంకటాద్రి గారిలా ఒక ఊరి పాలనలోకి దిగినవారు బహు తక్కువ. పార్టీ రద్దును తప్పుపట్టను. పార్టీకి బదులుగా ఊళ్లలో ఏమి కడతామో తేల్చుకోకుండా రద్దు చేయడమే తప్పు.

గోదావరి పంచాయతీ:

తెనాలి పాఠకుడు గారి మాటకు చిన్న చేర్పు. ప్రతినిధిని వెనక్కి పిలిచే హక్కు ముసాయిదాలో మిగిలిపోయిన ఊహ కాదు. మధ్యప్రదేశ్, ఛత్తీస్‌గఢ్‌లలో పురపాలక సంఘ అధ్యక్షులను ఓటర్లే దించే నిబంధన చట్టంలోకి వచ్చింది, కొన్నిచోట్ల ఓటింగ్ జరిగి అధ్యక్షులు పదవి కోల్పోయారు కూడా. మన రెండు రాష్ట్రాల్లో సర్పంచిని ఓటరు నేరుగా ఎన్నుకుంటాడు, దించే వీలు మాత్రం అతనికి లేదు. సస్పెండ్ చేసే అధికారం కలెక్టరుకు ఉంది. ఆ అధికారం గ్రామసభకు ఎందుకు ఉండకూడదన్న చర్చను వచ్చే పంచాయతీ ఎన్నికల లోపు ఎవరైనా లేవనెత్తితే, రాయిస్టులు వదిలేసిన పనిలో కొంతభాగం మొదలైనట్లే. చట్టంలోని సెక్షన్లను, సవరణ ఎక్కడ కావాలో, నేను రాసి ఇదే చర్చలో పెడతాను.